ఐసు, రాళ్ల ఉప్పు, రసాలు: ఇంట్లో ఐస్‌క్రీమ్ పార్టీకి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివరి వారం

ఈ వేసవికి పెట్టుకున్న పని ఇది. మే నెలలో పిల్లలంతా సెలవులకు విజయవాడ వచ్చినప్పుడు ఒక సాయంత్రం మా ఇంట్లో ఐస్‌క్రీమ్ పార్టీ చేయాలి. డబ్బాలు కొనుక్కొచ్చి కప్పుల్లో పెట్టే పార్టీ అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. వచ్చినవాళ్ల కళ్ల ముందే ఐస్‌క్రీమ్ తయారవ్వాలి, మిషన్ హ్యాండిల్ పిల్లలే తిప్పాలి, గట్టిపడగానే అక్కడికక్కడే తినాలి. మా వైపు బంధువులు, కింద వాటా వాళ్లు, పక్కింటి వాళ్లు కలిపి ముప్ఫై మంది దాకా అవుతారు.

సామాన్ల జాబితా రాద్దామని కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. పాలు, పంచదార, మామిడిపండ్లు ఎన్ని కావాలన్నా దొరుకుతాయి. మే నెల బెజవాడలో దొరకనిది చల్లదనం ఒక్కటే. మా ఫ్రిజ్‌లో ఫ్రీజర్ చిన్నది. ఎండ నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని వంటకాల జాబితా పక్కన పెట్టి ముందు చల్లదనం లెక్క వేశాను: ఏది ఎక్కడ గట్టిపడాలి, ఎంతసేపు నిలవాలి, ఎవరి ఫ్రీజర్‌లో ఎంత చోటు ఉంది. మిగతా నిర్ణయాలన్నీ ఆ కాగితం మీద నుంచే వచ్చాయి.

మనిషికి 150 మిల్లీలీటర్లు అనుకుంటే ముప్ఫై మందికి నాలుగున్నర లీటర్లు. ఎండాకాలం కాబట్టి రెండోసారి అడగనివాళ్లు ఉండరు. ఏడు లీటర్ల దాకా చేయాలని రాసుకున్నాను. మా ఫ్రీజర్‌లో అంత పట్టదు. పిన్నికి ఫోన్ చేశాను. "మా అటక మీద చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ మిషన్ ఉండాలమ్మా, మీ బాబాయి ఎప్పుడో కొన్నారు. ఉందో లేదో చూసి చెప్తా" అంది. సాయంత్రానికల్లా ఫొటో పంపింది. ఉంది.

మిషన్ వచ్చింది

చెక్క బకెట్, దాని మధ్యలో స్టీలు డబ్బా, డబ్బాలో చెక్క తెడ్డు, పైన పళ్ల చక్రాలతో హ్యాండిల్. అంతే. కరెంటు అక్కర్లేదు. బకెట్‌కీ డబ్బాకీ మధ్య ఖాళీలో ఐసు ముక్కలు, రాళ్ల ఉప్పు పొరలు పొరలుగా నింపి తిప్పితే లోపలి పాలు గడ్డకడతాయి. అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఆవిడ 1843లో ఇలాంటి చేతి మిషన్‌కు పేటెంటు తీసుకుంది. అప్పటి నుంచి దీని లోపలి ఏర్పాటు పెద్దగా మారలేదు.

ఏళ్ల తరబడి ఎండిపోవడంతో బకెట్ చెక్కల మధ్య సందులు కనిపిస్తున్నాయి. జిగురు, మేకులు ఏవీ పెట్టలేదు. పెరట్లో పంపు కింద పెట్టి నీళ్లతో నింపి వదిలేశాను. మొదట నీళ్లన్నీ కారిపోయాయి. మళ్లీ నింపుతూ ఉంటే మర్నాటికి చెక్క ఉబ్బి సందులు మూసుకున్నాయి. పార్టీ అయ్యేదాకా దీన్ని పూర్తిగా ఎండనివ్వకూడదు. తెడ్డుకు ముక్క వాసన ఉంది. వంటసోడా వేసిన వేడినీళ్లలో నానబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టాను. పళ్ల చక్రాలకు కొబ్బరినూనె రాశాను. మెషీన్ ఆయిల్ జోలికి పోలేదు, ఆ చక్రాల కిందే డబ్బా మూత ఉంటుంది.

బకెట్ పక్కన, డబ్బా అంచుకు కొంచెం కిందుగా, ఒక చిన్న రంధ్రం ఉంది. కరిగిన ఉప్పునీళ్లు దాని గుండా బయటికి పోవాలి. అది మూసుకుపోతే ఉప్పునీళ్లు మూత దాకా లేచి ఐస్‌క్రీమ్‌లో కలుస్తాయి. చీపురుపుల్లతో పొడిచి చూస్తే మట్టి బయటికొచ్చింది.

ఐసు ఎక్కడ దొరుకుతుంది

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ లెక్కన ఇస్తారు. కావాలంటే రంపంతో సగానికి కోసి గోనెసంచి చుట్టి ఇస్తారు. అక్కడికి పోయేముందు ఒక సంగతి కనుక్కున్నాను. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. మనకు ఐసు డబ్బా బయటే ఉంటుంది, పాలకు తగలదు. కాబట్టి చేపలకు వాడే ఐసు అయినా పని జరుగుతుంది. కానీ పిల్లలున్న చోట ఐసు ముక్క కనబడితే నోట్లోకి పోకుండా ఉండదు. అందుకని తాగేనీళ్లతో చేసిన ఐసే కావాలని అడిగాను. కొంచెం ఖరీదు ఎక్కువ, అయినా దీంట్లో రాజీ పడదలచుకోలేదు.

ఉప్పు మాత్రం చవక. కిరాణాకొట్టులో సంచుల్లో ఉండే రాళ్ల ఉప్పే మంచిది. మెత్తటి ఉప్పు ఒక్కసారిగా కరిగి అడుక్కు దిగిపోతుంది, రాళ్ల ఉప్పు నిదానంగా కరుగుతూ ఐసుకు అంటుకుని ఉంటుంది.

ఉప్పు, ఐసు తూకం తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేశాను. మేనల్లుడు ఇంటర్‌లో ఎంపీసీ, వాడికి బాగా నచ్చిన పని ఇది. స్టీలు గిన్నెలో ఐసు ముక్కలు వేసి థర్మామీటర్ పెడితే సున్నా దగ్గర ఆగింది. నాలుగు పాళ్ల ఐసుకు ఒక పాలు ఉప్పు కలిపేసరికి చూస్తుండగానే దిగడం మొదలుపెట్టి మైనస్ 14 దగ్గరికి వెళ్లింది. గిన్నె బయట తడి కాస్తా తెల్లటి మంచు అయింది.

"ఉప్పు వేస్తే ఐసు కరిగిపోతోంది కదత్తా, మరి చల్లగా ఎలా అవుతుంది?" అని అడిగాడు. కరగడమే కారణం. ఒక గ్రాము ఐసు నీరు కావాలంటే 80 క్యాలరీల వేడి కావాలి. మామూలుగా అది సున్నా డిగ్రీల దగ్గర మెల్లగా జరుగుతుంది. ఉప్పు కలిస్తే సున్నాకు దిగువన కూడా ఐసు కరగక తప్పదు, ఆ వేడిని చుట్టుపక్కల ఉన్నదాని నుంచే లాక్కుంటుంది. పక్కన మన పాలడబ్బా ఉంటే పాలలోంచి లాగుతుంది. మొత్తం తూకంలో ఉప్పు నాలుగో వంతుకు కాస్త తక్కువగా కలిసినప్పుడు మైనస్ 21 దాకా దిగవచ్చు, అంతకంటే ఉప్పు పెంచినా లాభం లేదు. మన పనికి అంత చలి అక్కర్లేదు కూడా. బయట మరీ చల్లగా ఉంటే డబ్బా గోడకు పాలు రాయిలా అంటుకుపోతాయి, హ్యాండిల్ తిరగదు.

మంచు అరుదైన రోజుల్లో జనం దీనికోసం పడిన పాట్లు వాడికి చెప్పాను. అక్బరు కాలంలో నీళ్లు చల్లబరచడానికి సురేకారం (పొటాషియం నైట్రేట్ అనే లవణం) వాడేవారని ఐన్-ఇ-అక్బరీ గ్రంథంలో ఉంది. 1833లో బోస్టన్ నుంచి ఓడలో ఐసు కలకత్తా చేరింది. మద్రాసుకూ అలాగే వచ్చిన ఐసును దాచడానికి కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ మెరీనా బీచ్ ఎదురుగా ఉంది, వివేకానందుడు 1897లో బస చేసిన భవనం అదే. సముద్రాలు దాటివచ్చిన ఆ సరుకును మేం ఆటోలో వేసుకుని తెచ్చుకుంటున్నాం అంటే వాడికి ఆశ్చర్యం వేసింది.

మామిడి నిర్ణయం

పార్టీలో అందరి ముందు తిప్పేది మామిడి ఐస్‌క్రీమే. ఏ మామిడి అన్నదాని మీద ఇంట్లో రెండు వర్గాలు. మా ఆయన బంగినపల్లి అన్నారు. పీచు ఉండదు, రంగు బాగుంటుంది, గుజ్జు ఎక్కువ వస్తుంది. అమ్మ చిన్న రసాలు అంది. రెండింటితోనూ కొద్దికొద్దిగా చేసి చూశాను. గడ్డకట్టకముందు రెండూ బాగున్నాయి. గడ్డకట్టాక బంగినపల్లి రుచి సగమైంది. చలిలో నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది, వాసనా పైకి రాదు. రసాలకు ఉన్న ఘాటైన వాసన, ఆ చిరుపులుపు చలిని తట్టుకుని నిలిచాయి. పీచును జల్లెడ పట్టేయవచ్చు. అమ్మ మాటే నెగ్గింది.

నున్న మార్కెట్‌కు వెళ్లి నూజివీడు రసాలు కాయగానే తెచ్చాం. కార్బైడ్ పెట్టి పండించిన పండు పైకి పసుపుగా ఉన్నా లోపల రసం పలచగా, వాసన లేకుండా ఉంటుంది. ఆ మందు వాడకూడదని చట్టం కూడా ఉంది. ఇంట్లోనే వరిగడ్డిలో ముగ్గేశాం. రోజూ పొద్దున్నే గడ్డి పక్కకు తీసి వాసన చూడటం అమ్మ డ్యూటీ.

హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా మొజంజాహీ మార్కెట్ దగ్గర పళ్ల ఐస్‌క్రీమ్ తినకుండా రాం. అక్కడ ఫేమస్ ఐస్‌క్రీమ్ 1951 నుంచి ఉంది. సీతాఫలం, మామిడి, సపోటా, ఏది తీసుకున్నా పండు తిన్నట్టే ఉంటుంది, పైపై సెంటు వాసన ఉండదు. మా మామిడి అలా రావాలన్నదే నా లక్ష్యం.

పాల లెక్క

గుడ్లు వద్దనుకున్నాం, వచ్చేవాళ్లలో సగం మంది తినరు. మన దేశంలో ఐస్‌క్రీమ్ అని అమ్మాలంటే కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి. పాలకొవ్వు బదులు నూనెల కొవ్వుతో చేసినదాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అని రాసి అమ్ముతారు. నేను దుకాణం పెట్టడం లేదు, అయినా ఆ అంకె దిక్సూచిగా పెట్టుకున్నాను.

ఫుల్ క్రీమ్ పాలు రెండు లీటర్లు (ఆరు శాతం కొవ్వు), అడుగంటకుండా కలుపుతూ 1300 మిల్లీలీటర్లు అయ్యేదాకా మరిగించాలి. అందులో పంచదార 300 గ్రాములు, పాలపొడి 80 గ్రాములు. చల్లారాక 25 శాతం కొవ్వు ఉన్న క్రీమ్ అరకిలో, వడకట్టిన మామిడి గుజ్జు 800 గ్రాములు. మొత్తం మూడు కిలోలు. గుజ్జు కలవకముందు కొవ్వు 11 శాతం దాకా ఉంటుంది, కలిశాక ఎనిమిదికి దిగుతుంది. పండు ఎక్కువ కావాలంటే కొవ్వు తగ్గక తప్పదు. రసాల రుచి కోసం ఆ మార్పిడికి ఒప్పుకున్నాను.

పాలపొడి ఎందుకంటే, అది పాలలోని నీటిని కొంత పట్టి ఉంచుతుంది. విడిగా తిరిగే నీరు తగ్గితే ఐసు పలుకులు చిన్నవిగా వస్తాయి. చిటికెడు ఉప్పు కూడా. గుజ్జు మాత్రం పాలు పూర్తిగా చల్లారాకే కలపాలి, వేడి పాలలో పులుపు పడితే విరుగుతుంది. కలిపినప్పుడు రుచి చూస్తే కాస్త తీపి ఎక్కువైందే అనిపించాలి. గడ్డకట్టాక సరిపోతుంది.

ఇదే మిశ్రమం ఒక గిన్నెలో ఫ్రీజర్‌లో పెట్టి, మధ్యమధ్య తీసి చిలికి చూశాను. పోల్చి చూడాలని చేసిన పని. నోట్లో పెట్టుకుంటే ఇసుక పలుకుల్లా ఐసు తగిలింది. ఫ్రీజర్ గాలితో మెల్లగా చల్లబరుస్తుంది, పలుకులు పెరగడానికి తీరిక దొరుకుతుంది. మిషన్‌లో డబ్బా గోడ దగ్గర గడ్డకట్టిన పొరను తెడ్డు వెంటనే గీకి లోపలికి కలుపుతుంది, గాలి కూడా కలుస్తుంది. ఈ తేడా రుచి చూపించాక ఇంట్లో మళ్లీ ఎవరూ "ఫ్రీజర్‌లో పెట్టేస్తే పోలా?" అని అడగలేదు.

మిగతావి

మామిడి ఒక్కటే పెడితే ముప్ఫై మందికి చాలదు. అలాగని అన్నీ మిషన్‌లో తిప్పే టైమూ ఉండదు. ముందే చేసి దాచగలిగేవి మూడు ఎంచుకున్నాను.

కోవా కుల్ఫీ. లీటరు పాలు 400 మిల్లీలీటర్లయ్యేదాకా మరిగించి, కోవా, యాలకులు వేసి చిన్న మట్టి ముంతల్లో పోశాను. కుల్ఫీలో గాలి ఉండదు, నీరు తక్కువ, అందుకే బయట పెట్టినా మిగతావాటికంటే ఆలస్యంగా కరుగుతుంది. మే నెల పార్టీకి ఇంతకంటే నమ్మకమైనది లేదు.

కొబ్బరిపాలు, అనకాపల్లి బెల్లం. వదినకు పాలు పడవు, అందుకోసం మొదలుపెట్టింది. చిక్కటి కొబ్బరిపాలు లీటరుకు బెల్లం పావుకిలో, కొంచెం కార్న్‌ఫ్లోర్, యాలకుల పొడి. బెల్లం వేడి ఆవుపాలలో, గేదెపాలలో వేస్తే విరిగే భయం ఉంటుంది, కొబ్బరిపాలకు ఆ బెంగ లేదు. పంచదార కంటే బెల్లంతో చేసింది ఫ్రీజర్‌లో మెత్తగా నిలిచింది. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా కొంత ఉండటం వల్ల అంత గట్టిగా గడ్డకట్టదు. పరీక్షకని చేసిన గిన్నె సాయంత్రానికి ఖాళీ. ఇది వదిన ఒక్కదానికే అని చెప్పడం ఇక కుదరదు, రెండు లీటర్లు చేయాలి.

సేమియా పుల్ల ఐసు. మా చిన్నప్పుడు సైకిల్ వెనక చెక్కపెట్టెలో వచ్చేది, అడుగున సేమియా ఉండేది. ఇప్పటి పిల్లలకు అది తెలియదు. పలచగా తీపి కలిపిన పాలలో ఉడికిన సేమియా వేసి అచ్చుల్లో పోసి పుల్లలు గుచ్చాను. సేమియా అడుక్కు చేరి కూర్చుంటుంది, చివరి ముక్కలో దొరుకుతుంది. పుల్ల ఐసులో అందరికీ ఇష్టమైన చోటు అదే.

తాటిముంజలు కూడా కలుపుదామనుకున్నాం. ముక్కలు చేసి గడ్డకట్టిస్తే పళ్లకు రాళ్లలా తగిలాయి, ముంజలో దాదాపు అంతా నీరే. వాటిని ఐస్‌క్రీమ్‌లో కలపకుండా తాజాగా తీసి పక్కన పెట్టాలని నిర్ణయం. షుగర్ ఉన్న పెదనాన్నకు ముంజలు, నానబెట్టిన సబ్జా గింజలు చల్లటి పాలలో వేసి ఇస్తే ఆయనకూ చేతిలో ఒక కప్పు ఉంటుంది.

పైన చల్లుకునేవి: ఆత్రేయపురం పూతరేకులు నలిపిన పొడి, వేయించిన జీడిపప్పు, పల్లీ చిక్కీ దంచినది, కర్నూలు నుంచి తోడికోడలు తెచ్చిన నన్నారి షర్బత్ చిక్కటిది. పూతరేకు మాత్రం కప్పు చేతికిచ్చేటప్పుడే చల్లాలి, తేమ తగిలితే కరకర పోతుంది. కింద వాటా పాపకు పల్లీలు పడవు. అందుకని చిక్కీకి వేరే బల్ల, వేరే చెంచా. ఆ బల్ల దగ్గర మేనకోడలు నిలబడుతుంది. దాని పూచీ దానిదే.

ఎక్కడ పెట్టాలి

అందరూ డాబా మీదే అనుకున్నారు. సాయంత్రం చెప్పుల్లేకుండా డాబా ఎక్కి నిలబడితే అర్థమైంది. పగలంతా కాగిన శ్లాబు రాత్రి ఎనిమిది దాకా వేడి వదులుతూనే ఉంటుంది. పెరట్లో వేపచెట్టు కింద మట్టినేల, మధ్యాహ్నం నీళ్లు చల్లితే సాయంత్రానికి చల్లబడుతుంది. అక్కడే.

ఫ్యాన్ల గురించి కూడా ఆలోచించాను. మనుషులకు గాలి తగలాలి, ఐస్‌క్రీమ్‌కు తగలకూడదు. వేడిగాలి దాని మీదుగా వీస్తూ ఉంటే ఇంకా త్వరగా కరుగుతుంది. స్టాండు ఫ్యాన్లు కుర్చీల వైపు, వడ్డించే బల్ల గోడ చాటున.

కప్పులకు స్టీలు గిన్నెలు ఇంట్లో బోలెడున్నాయి. కానీ స్టీలు చేతి వేడిని తిన్నగా లోపలికి పంపుతుంది. అడ్డాకుల దొన్నెలు తెప్పించాను. చేతికి చలి తగలదు, ఐస్‌క్రీమ్‌కు వేడి తగలదు, కడిగే పనీ లేదు.

పార్టీ ముందు రోజు

మామిడి మిశ్రమం పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేశాను. రాత్రంతా చల్లగా ఉంటే పాలకొవ్వు గట్టిపడి, చిలికినప్పుడు గాలిని బాగా పడుతుంది. గుజ్జు తీసే పని అమ్మ, పిన్ని, నేను కలిసి చేశాం. టెంకలు పిల్లలకు. వంటిల్లంతా రసాల వాసన.

కుల్ఫీలు, కొబ్బరిపాల ఐస్‌క్రీమ్ పక్కింటి ఆంటీ ఫ్రీజర్‌లో, పుల్ల ఐసులు కింద వాటా వాళ్ల ఫ్రీజర్‌లో. వెచ్చగా ఉన్నవేవీ నేరుగా పెట్టకుండా, ముందు ఫ్రిజ్‌లో చల్లబరిచాకే వాళ్ల ఇళ్లకు పంపాను. వాళ్ల ఫ్రీజర్‌లో ఉన్నవి మన వల్ల మెత్తబడకూడదు కదా. ఆంటీ తన ఫ్రీజర్‌లో ఒక అర మొత్తం ఖాళీ చేసి ఇచ్చారు. "నీకెంత చోటు కావాలంటే అంత తీసుకోమ్మా, కుల్ఫీ మాత్రం నాకు మొదటిది" అన్నారు.

చేపల మార్కెట్ దగ్గర థర్మాకోల్ పెట్టెలు దొరుకుతాయి, కానీ ఆ వాసన పోదు. మందుల షాపులో ఖాళీవి అడిగి తెచ్చుకున్నాను.

పార్టీ రోజు

నాలుగింటికి ఐసు వచ్చింది. మా ఆయన, మేనల్లుడు కలిసి దిమ్మను గోనెసంచిలో వేసి రోకలితో కొట్టారు. ముక్కలు నిమ్మకాయ కంటే పెద్దవి ఉండకూడదు, డబ్బా చుట్టూ ఖాళీలు మిగిలిపోతాయి. సగం ఐసు బకెట్‌కు, సగం థర్మాకోల్ పెట్టెలకు. పెట్టెల్లో కూడా ఐసు మధ్య ఉప్పు చల్లాం. ఉట్టి ఐసు సున్నా దగ్గరే ఆగిపోతుంది, ఆ వేడిలో ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది.

జనం ఆరున్నర నుంచి రావడం మొదలైంది. ముందుగా పునుగులు, అల్లం పచ్చడి. తీపి మీద తీపి తింటే వెగటు వస్తుంది. కారం తిన్న నోటికే చల్లటి తీపి రుచి. పునుగుల మూకుడు పొయ్యి పెరటికి దూరంగా, ఇంటి ముందు వైపు పెట్టించాను.

ఏడింటికి డబ్బాలో మామిడి మిశ్రమం పోశాం. డబ్బాలో మూడింట రెండు వంతులు మించకూడదు, గాలి చేరి పొంగుతుంది. మూత బిగించి, చుట్టూ జానెడు ఐసు, గుప్పెళ్లతో ఉప్పు, మళ్లీ ఐసు. పిల్లలు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరు యాభై చుట్లు, మిగతావాళ్లు గట్టిగా లెక్కపెట్టాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన చిన్నవాడు ఇరవై దాటాక ఆగిపోతుంటే పెద్దనాన్న పక్కన కూర్చుని ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటూ అందించారు. రెండో విడతకు వాడే ముప్ఫై దాకా వచ్చాడు.

మొదట్లో హ్యాండిల్ ఉత్తినే తిరుగుతుంది, ఏమీ జరగడం లేదనిపిస్తుంది. మిశ్రమం మైనస్ రెండు, మూడు డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలయ్యాక బరువు తెలుస్తుంది. తొందరపడి వేగంగా తిప్పకూడదు, నిదానంగా, ఆపకుండా. రంధ్రంలోంచి ఉప్పునీళ్లు కారుతుంటే పైన ఐసు, ఉప్పు కలుపుతూ పోయాం. పావుగంట దాటాక పిల్లల చేతులకు అందలేదు, మేనల్లుడు పట్టాడు. ఆఖరికి మా ఆయన బకెట్‌ను కాళ్ల మధ్య అదిమి పట్టుకుంటే బాబాయి తిప్పారు. ఇక తిరగదు అన్నప్పుడు ఆపి, మూత చుట్టూ ఉప్పునీళ్లు తుడిచి, అప్పుడు తీశాం. తుడవకుండా తీస్తే కష్టమంతా ఉప్పుపాలు.

మూత తీయగానే వచ్చిన వాసనకు అందరూ లేచి దగ్గరికొచ్చారు. కుంకుమపువ్వు రంగు, తెడ్డుకు దట్టంగా అంటుకుని ఉంది. అప్పుడే తీసిన ఐస్‌క్రీమ్ మెత్తగా ఉంటుంది, గుండ్రటి స్కూపు రాదు. గట్టిగా కావాలంటే ఫ్రీజర్‌లో నాలుగైదు గంటలు ఉండాలి. నా ఉద్దేశంలో దాన్ని అలా మెత్తగానే తినాలి. ఆ స్థితి ఏ దుకాణంలోనూ దొరకదు, మిషన్ పక్కన ఉన్నవాళ్లకే దక్కుతుంది. గరిటెతో దొన్నెల్లో వేసి చేతికిచ్చాను. తెడ్డు ఎవరు నాకాలన్న తగువు వస్తుందని తెలుసు, కింద వాటా పాప అందరికంటే చిన్నది కాబట్టి దానికిచ్చాం. ఎవరూ కాదనలేదు.

అమ్మ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, "రసం తిన్నట్టే ఉంది" అంది. ఈ ప్రాజెక్టులో నేను వినాలనుకున్న మాట అదొక్కటే.

ఎనిమిదింటికి కరెంటు పోయింది. కుల్ఫీలు, కొబ్బరిపాల ఐస్‌క్రీమ్ అప్పటికే థర్మాకోల్ పెట్టెల్లోకి మార్చి ఉన్నాయి, టెన్షన్ లేదు. ఫోన్ లైట్లలో, ఎమర్జెన్సీ లైటు వెలుగులో వడ్డన సాగింది. ముంతలోంచి కుల్ఫీ కదలకపోతే ముంతను రెండు అరచేతుల మధ్య కాసేపు తిప్పితే చాలు. నన్నారి వేసిన కొబ్బరిపాలు ఐస్‌క్రీమ్‌కు పెద్దల్లో గిరాకీ ఎక్కువైంది. వదిన మూడుసార్లు వడ్డించుకుంది. ఏ పార్టీలోనూ ఐస్‌క్రీమ్ దగ్గరికి రాని మనిషి ఆవిడ.

సేమియా పుల్ల ఐసులు పిల్లల కంటే ముందు పెద్దవాళ్లే అయిపోగొట్టారు. బాబాయి, మా ఆయన అడుగున ఉన్న సేమియా కోసం పుల్ల తిరగేసి కింద నుంచి మొదలుపెట్టారు. చూసి పిల్లలూ అదే నేర్చుకున్నారు.

మర్నాడు

మిగిలింది ఒక గిన్నె కొబ్బరిపాలు, కొన్ని కుల్ఫీలు. కరిగి ద్రవమైన మామిడి కొంచెం మిగిలితే మళ్లీ గడ్డకట్టించలేదు. బయట వేడిలో అంతసేపు ఉన్న పాల పదార్థాన్ని తిరిగి దాచడం మంచిది కాదు, పారబోశాను.

ఉప్పునీళ్లు బకెట్లకొద్దీ మిగిలాయి. మొక్కలకు పోయొద్దని అందరికీ ముందే చెప్పి ఉంచాను, వేపచెట్టు మొదట్లోకి పోతే వేళ్లకు దెబ్బ. అన్నీ మోరీలో పోసి, నేల మీద చిందిన చోట నీళ్లు బాగా కొట్టి కడిగాను. మిషన్ ఇనుప భాగాలకు ఉప్పు తగిలితే తుప్పు పడుతుంది. మంచినీళ్లతో రెండు విడతలు కడిగి, తుడిచి, చక్రాలకు మళ్లీ నూనె. ఈ పని వాయిదా వేయకూడదు.

పిన్ని మిషన్ తిరిగి తీసుకుపోతానంటే వదిన అడ్డుపడింది. అక్టోబర్‌లో వాళ్ల గుంటూరు ఇంట్లో సీతాఫలంతో చేస్తుందట, పాలు లేకుండా, కొబ్బరిపాలతో. పిన్ని సరే అంది. మూత లోపల ఒక కాగితం అతికించి ఇచ్చాను: నాలుగు పాళ్ల ఐసుకు ఒక పాలు రాళ్ల ఉప్పు, బకెట్ ముందు రోజు నానబెట్టాలి, రంధ్రం చూసుకోవాలి, మూత తుడిచాకే తీయాలి. సీతాఫలం గురించి కింద విడిగా రాశాను. గుజ్జును పొయ్యి మీద పెడితే చేదెక్కుతుంది, పచ్చిదే చల్లటి కొబ్బరిపాలలో కలపాలి. గింజలు మిక్సీలో పడకూడదు, చేత్తోనే తీయాలి. దానికి కనీసం నలుగురు మనుషులు కావాలి, నేను వస్తున్నాను.